కళ్ళంలో పడిన గోలు

మా అత్తవారి ఊళ్ళో నా గొంతు ఎలాంటిదో నలుగురికీ తెలిసింది ఒక హాకీ ఆట పుణ్యమా అని. ఆట జరిగింది బాంకాక్‌లో. నేను అరిచింది భావనపాడుకి కాస్త ఇవతల, మా మావగారి వరి కళ్ళంలో. కొత్త కోడలు మావగారి ముందు అలా అరవడమేమిటని ఊళ్ళో ఆడవాళ్ళు కొన్నాళ్ళు బుగ్గలు నొక్కుకున్నారు. నొక్కుకోనీ. ఆ రోజు తలచుకుంటే నాకు ఇప్పటికీ సిగ్గు రాదు, గర్వమే వస్తుంది.

నేను పుట్టి పెరిగింది కొత్తవలస రైల్వే క్వార్టర్లలో. అటు పక్కింటివాళ్ళూ ఇటు పక్కింటివాళ్ళూ హిందీవాళ్ళే. వాళ్ళ పిల్లలతో దెబ్బలాడి దెబ్బలాడి నాకు హిందీ వచ్చింది. తరవాత పరీక్షలకు కట్టి పాసయ్యాను కానీ, అసలు చదువు మాత్రం ఆ దెబ్బలాటలే. క్వార్టర్ల వెనక మైదానంలో ఆదివారాలు రైల్వేవాళ్ళు హాకీ ఆడేవారు. మా పెరటి గోడ ఎక్కి కూర్చుంటే ఆటంతా కనిపించేది. పెనాల్టీ కార్నర్ ఎందుకిస్తారో నాకు ఓణీలు వేసుకోకముందే తెలుసు. అంపైరు తప్పు చెబితే గోడ మీంచే తిట్టేదాన్ని. మా అమ్మ లోపలినుంచి నన్ను తిట్టేది.

అరవై ఆరు వేసవిలో నాకు పెళ్ళయింది. అత్తవారిది తాతలనాటినుంచీ వ్యవసాయం చేసుకునే ఇల్లు. వెళ్ళిన మొదటి వారంలోనే ఆ ఇంటి పద్ధతి ఒకటి నాకు అర్థమైంది. కొత్త కోడలు మావగారితో నేరుగా మాట్లాడకూడదు. ఆయన వీధరుగు మీద ఉంటే నేను తలుపు వెనకాల ఉండాలి. ఏదైనా చెప్పాలంటే అత్తగారి చెవిన వేస్తే ఆవిడ ఆయనకు అందిస్తారు. ఆయనకు నాతో పని పడినా అత్తగారి మీదుగానే. ముగ్గురం ఒకే చోట ఉన్నా, మజ్జిగ ఉందేమో కోడల్ని అడగమని ఆయనా, ఉందని చెప్పండని నేనూ, మధ్యలో ఆవిడ అటూ ఇటూ మెడ తిప్పుకుంటూ. మాటకు మాట అప్పజెప్పడం అలవాటైన నాకు ఊపిరాడేది కాదు.

మా వారికి హాకీ పిచ్చి. శ్రీకాకుళం కాలేజీలో చదివేటప్పుడు అంటుకుంది. చదువయ్యాక ఊరొచ్చి పొలం పనుల్లో పడినా అది వదల్లేదు. వంపు తిరిగిన కొమ్మలు వెతికి నరికించి, చెక్కించి కర్రలు చేసి, ఊరి కుర్రాళ్ళని పోగేసి, రోడ్డు వారనున్న మా గరువులో ఆట పెట్టారు. గరువంటే మెట్టభూమి. ఒకప్పుడు అందులో గోగు వేసేవారట. ఆటగాళ్ళు తొక్కి తొక్కి అది గచ్చులా గట్టిపడింది. గోల్ కాసేది మా మరిది, అంటే మా చిన్నత్తగారి కొడుకు. గోనెసంచి ముక్కలు కాళ్ళకు చుట్టుకుని పెద్ద మొనగాడిలా నిలబడేవాడు.

మావగారికి ఆ గరువు మీద వేరే ఆలోచన ఉంది. సరుగుడు తోట వెయ్యాలని. మొక్కలు తెప్పించి పెరట్లో నీడన పెట్టించారు కూడా. నూర్పులు అవగానే పాతిస్తానన్నారు. సరుగుడు పడితే ఇక ఆట లేనట్టే. ఊళ్ళో చదునుగా ఖాళీగా ఉన్న నేల అదొక్కటే, మిగతాదంతా వరి, అదీ కాకపోతే ఇసక. మా వారికి ముద్ద దిగడం మానేసింది. తండ్రితో ఆ మాట చెప్పే ధైర్యం ఆయనకు లేదు. చెప్పే ధైర్యం ఉన్న నాకు మాట్లాడే వీల్లేదు.

సరిగ్గా అప్పుడే బాంకాక్‌లో ఏషియన్ గేమ్స్ వచ్చాయి. సాయంకాలం మా అరుగు మీద అదే సంత. టెక్కలినుంచి బస్సులో వచ్చే పేపరు మా వారు పైకి చదవడం, మిగతావాళ్ళు తలా ఒక మాట అనడం. పరుగులో మనవాళ్ళకు బంగారం వచ్చిందన్న రోజు మరిది తనే పరిగెత్తినట్టు రొప్పుతూ చెప్పాడు. ఎత్తు దూకిన మనిషి ఎంత ఎత్తు దూకాడో మా గడ్డివాము చూపించి కొలతలు వేశారు. ఫుట్‌బాల్‌లో మనవాళ్ళు ముందే ఇంటిదారి పట్టారని తెలిసిన రోజు మాత్రం అందరూ పెందరాళే లేచి వెళ్ళిపోయారు. ఇనపగుండు విసిరి గెలిచాడన్న కబురు అన్నిటికన్నా మా అత్తగారికి నచ్చింది. ఆ గుండు మన రుబ్బురోలు పొత్రమంత ఉంటుందా, ఆ మనిషి పూటకి ఎంత తింటాడు, వండిపెట్టేది ఎవరు అని ఆరా తీశారు. తలుపు వెనక నేను నోట్లో కొంగు కుక్కుకుని నవ్వాను.

హాకీలో మనవాళ్ళు ఫైనల్‌కి వచ్చారు. అవతల పాకిస్తాన్. ఆ కబురు పేపర్లో చదివిన రోజు మావగారు కూడా అరుగు మీద కూర్చుని విన్నారు. నాలుగేళ్ళ కిందట జకార్తాలో ఇదే ఫైనల్ ఓడిపోతే కొడుకు పనిలోకి రాకుండా ముసుగుతన్ని పడుకున్న సంగతి ఆయన మరచిపోలేదు.

"ఓడిపోయే ఆటకి గరువెందుకురా?" అన్నారు.

మా వారు టోక్యో ఒలింపిక్స్ సంగతి ఎత్తారు. అక్కడ పాకిస్తాన్ మీద మనమే కదా గెలిచాం అన్నారు. మావగారు ఊరుకునే మనిషి కాదు. ఈ ఏషియా ఆటల్లో ఎప్పుడైనా గెలిచారా అని అడిగారు. లేదు, అప్పటిదాకా ఈ ఆటల్లో హాకీ బంగారం మనకు రాలేదు. మా వారు ఆ మాట ఒప్పుకున్నారు.

"అయితే ఇను," అన్నారు మావగారు. "ఈపాలి గెలిసేరంటే గరువు మీది, నానింక ఆ మాటెత్తను. ఓడిపోయేరా, మర్నాడే మొక్కలు పాతించేస్తాను. మల్లీ ఆ కర్రలు నా కంట పడకూడదు."

ఆ రాత్రి మా వారు ట్రాన్సిస్టర్‌కి దండం పెట్టి పడుకున్నారు. నవ్వబోయి ఆయన మొహం చూసి ఆగిపోయాను.

ఫైనల్ నాటికి మా నూర్పులు మంచి జోరు మీద ఉన్నాయి. ఎడ్లతో తొక్కించడం అయింది, ధాన్యం తూర్పారబట్టాలి. కానీ గాలి పడిపోయింది. ఆకు కదలడం లేదు. చేటలు పక్కన పెట్టి అందరూ గాలి కోసం ఎదురుచూస్తూ కూర్చున్నారు. మావగారు కళ్ళం వదిలి ఇంటికి రారు, కొడుకుని రానివ్వరు. అందుకని రేడియోయే కళ్ళానికి వచ్చింది. సెల్సు నీరసించాయని మా వారు పొద్దున్నే వాటిని తీసి ఎండలో పెట్టారు. నేనూ అత్తగారూ అన్నాలు తీసుకుని వెళ్ళేసరికి ట్రాన్సిస్టర్ గడ్డిమోపు మీద పెళ్ళికొడుకులా కూర్చుని ఉంది. మేమిద్దరం పద్ధతి ప్రకారం గడ్డికుప్ప వెనక్కి వెళ్ళి కూర్చున్నాం.

కామెంటరీ కాసేపు ఇంగ్లీషులో, కాసేపు హిందీలో. ఇంగ్లీషు వచ్చినంతసేపూ మా వారు తెలుగు చేసి చెప్పారు, బాగానే నడిచింది. హిందీ మొదలయ్యేసరికి ఆయన నోరు పడిపోయింది. ఏమంటున్నాడు, ఏమంటున్నాడు అని అందరూ ఆయన మీద పడ్డారు. రేడియోలోనేమో జనం హోరు. గోలో కాదో, మనదో వాళ్ళదో తెలియదు. మా వారి మొహం చెమటలు పట్టింది.

నాకు ప్రతి మాటా తెలుస్తోంది. ఉండబట్టలేక అత్తగారి చెవిలో చెప్పాను, పాకిస్తాన్ వాళ్ళు మన గోల్ దాకా వచ్చారని, మన గోల్‌కీపర్ ఆపేశాడని. ఆవిడ కుప్ప వెనకనుంచి తల బయటపెట్టి, "మన గుమ్మంలోకి వచ్చేసేరంట. కాపలావోడు తన్ని తగిలేసేడంట," అని ప్రకటించారు.

కళ్ళమంతా ఇటు తిరిగింది. అంతవరకూ రేడియోకి వీపు పెట్టి కూర్చున్న మావగారు కూడా తిరిగారు. ఆ మాట నీకెవరు చెప్పారని అడిగారు. కోడలికి హిందీ వచ్చంట అన్నారు అత్తగారు, తనే నేర్పినంత గొప్పగా. మావగారు గడ్డికుప్ప వైపు చూసి, "అయితే అడిగి సెప్పు," అన్నారు.

అక్కణ్ణుంచి మా అత్తగారి కామెంటరీ మొదలైంది. బంతి కుడివైపు పోయిందని నేనంటే, ఆవిడ అది విని, మెడ సాచి, "కుడేపు పోయిందంట" అనేసరికి అక్కడ బంతి ఎడమవైపు ఉండేది. పెనాల్టీ కార్నర్ అని చెప్పాను. అంటే ఏమిటన్నారు. మూలనుంచి కొడతారన్నాను. "మూలనుంచి కొడతారంట," అని చెప్పి, మళ్ళీ నా వైపు తిరిగి ఎవర్ని కొడతారే అని దిగులుగా అడిగారు. ఈలోపు కార్నర్ అయిపోయింది. మావగారు అడిగినవి కూడా ఆవిడ మీదుగానే నాకు చేరేవి. అవతలివాళ్ళు అలసిపోయారా అని ఆయన అడగడం, అది నా దాకా రావడం, నేను చెప్పింది ఆయన దాకా పోవడం. మా ఇద్దరికీ మధ్య ఉన్నది ఒక గడ్డికుప్ప. మా వారు నా వైపు చూసిన చూపుకి అర్థం నాకు తెలుసు. నువ్వే చెప్పెయ్యరాదా అని. నేను పళ్ళు బిగబట్టుకుని కూర్చున్నాను.

ఆట సమయం అయిపోయింది. ఎవరూ గోల్ వెయ్యలేదు. అదనపు సమయం ఇచ్చారు. రేడియో గొంతు సన్నబడుతోంది. మరిది దాన్ని పసిపిల్లలా ఒళ్ళోకి తీసుకున్నాడు. మా వారు లేచి నిలబడి, గరువు ఉన్న దిక్కుకి చూస్తూ ఉండిపోయారు.

అప్పుడు హిందీ గొంతు హెచ్చింది. మనవాళ్ళు బంతి తీసుకున్నారు. ఒకణ్ణి దాటారు. లోపలికి వచ్చారు. ఏమంటున్నాడే, ఏమంటున్నాడే అని అత్తగారు నా చెయ్యి గుంజుతున్నారు. ఇంక నాకు ఆవిడ వినపడలేదు. నేనెప్పుడు లేచానో, కుప్ప చుట్టూ ఎప్పుడు తిరిగి వచ్చానో తెలియదు. మావగారి ఎదుట నిలబడి, కొత్తవలస గోడ మీద కూర్చున్నప్పటి గొంతుతో అరిచాను.

"గోల్! మనదే గోల్! ఒకటి! మనకి ఒకటి!"

ఎడ్లు బెదిరి తలలెత్తాయి. గోల్ పడిందని తెలిసినా మా వారు ఎగరలేదు, తండ్రి మొహంలోకి చూస్తున్నారు. వెనకనుంచి అత్తగారు "ఒలమ్మో" అన్నది మాత్రం వినిపించింది. అప్పుడు తెలిసింది నాకు, నేనెక్కడ నిలబడ్డానో, ఎవరితో మాట్లాడానో. అయినా వెనక్కి పోబుద్ధి కాలేదు. పోలేదు.

మావగారు తలెత్తి నన్ను చూశారు. కోడలిగా వచ్చాక ఆయన నా మొహం సరిగా చూడడం అదే మొదలు.

"కళ్ళంలో ఒకటి అనకూడదమ్మా," అన్నారు. "లాభం అనాల."

మా వైపు ధాన్యం కొలిచేటప్పుడు మొదటి కుంచాన్ని ఒకటి అని లెక్కపెట్టరు. లాభం అంటారు, ఆ తరవాతే రెండు. కొత్తవలస క్వార్టర్లలో పెరిగిన నాకు ఆ సంగతి అప్పటిదాకా తెలియదు.

"లాభం," అన్నాను.

"ఊఁ. మిగిలింది గూడా నువ్వే సెప్పు. మీ అత్త సెప్తే మనకి అందేసరికి తెల్లారిపోతాది."

ఇక చూడండి. మరిది ఒళ్ళోని రేడియో దగ్గర చెవి పెట్టి, కళ్ళం నడుమ నిలబడి, మిగిలిన ఆటంతా నేనే చెప్పాను. చెప్పడమా, ఆడించాను. అవతలివాళ్ళు మీదికొస్తుంటే నా గొంతు తగ్గేది, అందరూ ముందుకు వంగేవారు. మనవాళ్ళు బంతి లాక్కుంటే హెచ్చేది, అందరూ ఊపిరి వదిలేవారు. తన మాట పోయిందని అలిగిన అత్తగారు కూడా కాసేపటికి కుప్ప వెనకనుంచి వచ్చి నా పక్కన చేరారు. ఆఖరి ఈల వినపడి, గెలిచేశాం అన్నాను. ఆ తరవాత నా మాటలు ఎవరూ వినలేదు. మా వారు మరిదిని ఎత్తుకుని తిప్పారు. కుర్రాళ్ళు చేటలు డప్పుల్లా కొట్టారు. నేను ఏడ్చానో నవ్వానో, రెండూ చేశాను. అంత సంతోషం నాకు నా పెళ్ళిలో కూడా కలగలేదు. ఆ మాట మా వారికి అప్పుడే చెప్పేశాను.

గాలి వచ్చాక తూర్పారబట్టి, రాశి పోసి, మావగారు కొలతకు కూర్చున్నారు. కొలిచేటప్పుడు కళ్ళంలో ఎవరూ మాట్లాడకూడదు. మొదటి కుంచం ఎత్తి "లాభం" అన్నారు. ఎప్పుడూ గొణిగినట్టు అనే మనిషి, ఆ రోజు రోడ్డుకి వినపడేలా అన్నారు.

మర్నాడు పొద్దున్న నేను దొడ్లో అంట్లు తోముతున్నాను. మావగారు నీడనున్న సరుగుడు మొక్కలన్నీ బండికి ఎక్కిస్తున్నారు. మాట తప్పుతున్నారా అనుకుని అత్తగారి కోసం అటూ ఇటూ చూశాను. ఆవిడ లేరు. మావగారు బండి దగ్గరనుంచి నేరుగా నన్నే పిలిచారు.

"అమ్మా, ఇలా రా. బంతి పక్క సేలోకి పోకుండా గరువు సుట్టూ ఈటిని పాతిస్తాను. ఆటకి ఎంత మేర వదలాలో ఆడికి అడిగితే ఊరంతా కావాలంతాడు. నువ్వు సెప్పు."

చేతులు కడుక్కుని, కొంగు నడుముకి దోపుకుని, బండి వెనకాల నడిచి వెళ్ళాను. గరువులో నిలబడి చెయ్యి చాపి, ఇక్కణ్ణుంచి అక్కడి వరకూ అని చెప్పాను. నేను చూపించిన చోటే ఆయన మొదటి మొక్క పాతారు.