ముందు తిన్న మనిషి

బీరంగూడలో మేముండే మూడో అంతస్తు ఇంట్లో పచ్చిపులుసు కోసం మా కోడలు ఎండు మిరపకాయలను గ్యాస్ మంట మీద కాల్చినప్పుడల్లా ఆ ఘాటుకు అందరికంటే ముందు నాకే దగ్గు వస్తుంది. ఆ దగ్గులోనే నేను పటాన్‌చెరు అవతల వాగు ఒడ్డునున్న మా ఊరికి, పొగచూరిన మా వంటింటికి వెళ్లిపోతాను. పొయ్యి మీద పెట్టే పనిలేని పులుసు గనుక కట్టెలు మిగులుతాయని మా అవ్వ వారంలో నాలుగు రోజులు అదే చేసేది. మేం తల్లిని అవ్వ అనే పిలిచేవాళ్లం.

నాయిన పటేలు చేలో పనికి పోయేవాడు. కూలి జొన్నలుగానే ఇచ్చేవారు. ఆ జొన్నలను అవ్వ రవ్వలా విసిరి, నీళ్లు ఎక్కువ పోసి గట్క వండేది. నూనె సీసాలోంచి వంచేది కాదు. అందులో ముంచిన గుడ్డపేలికతో పెనం తుడిచేది, అంతే. ఒకసారి పిసికిన చింతపండును ఎండలో ఆరబెట్టి మర్నాడు మళ్లీ నానేసేది. చింతగింజలు మాత్రం మావి. వాటితో నేనూ తమ్ముడూ వాకిట్లో ఓనగుంటలు ఆడేవాళ్లం, ఆట అయ్యాక గెలిచినవాళ్లు ఓడినవాళ్ల గింజలు కూడా వేయించుకుని నమిలేవాళ్లు. బెల్లం రుచి ఏడాదికోసారి, సద్దుల బతుకమ్మ నాడు, జొన్నరొట్టె ముక్కలు బెల్లంతో కలిపి దంచిన మలీదలోనే తెలిసేది.

ఇంత చేసినా మా కడుపులు నింపింది వాగే. వానలు పడగానే దాని ఒడ్డున పొన్నగంటి, ఆ పక్క చేలగట్ల మీద తుమ్మికూర, చెంచలికూర మొలిచేవి. ఎండాకాలంలోనూ వాగు తడికి పొన్నగంటి ఎండేది కాదు. వాటిని ఎవరూ నాటలేదు, ఎవరూ అమ్మలేదు. నడుము వంగిపోయిన మా నాయినమ్మ నన్ను వెంటబెట్టుకుని పోయి, ఏ ఆకు లేతదో, ఏది పశువుకే పనికొస్తుందో, ఏది తుంచితే మళ్లీ చిగురిస్తుందో చూపించేది. వేరుతో పీకితే నా చేతి మీద చిన్నగా కొట్టేది.

వాగుకు ఎగువన కార్ఖానా గోడ లేచాక, మూడో ఎండాకాలం అనుకుంటాను, నీళ్ల మీద పసుపుపచ్చని నురుగు తేలింది. చేపపిల్లలు వెల్లకిలా పడి ఒడ్డుకు కొట్టుకొచ్చాయి. మా బర్రె నీళ్ల దాకా మూతి పెట్టి, ముక్కు ఎగబీల్చి, తాగకుండా వెనక్కి తిరిగింది. ఊళ్లో కొందరు అక్కడి కూర తేవడం మానేశారు. నాయిన కూడా వద్దన్నాడు.

"వద్దంటే మరేం పెట్టాలె? పోరలు ఉప్పు నాకుతరా?" అంది అవ్వ.

గోడకు చేరగిలబడి కూర్చున్న నాయినమ్మ అప్పుడు నోరు విప్పింది. "నేను ముందుగాల తింట. పొద్దుమూకే దాక సూడుండ్రి. నాకేం గాకుంటే పోరలకు పెట్టుండ్రి."

అలా ఆ ఎండాకాలమంతా సాగింది. అవ్వ ఏడు నీళ్లలో కడిగి వండిన కూరను పొద్దున నాయినమ్మ ఒక్కతే తినేది, సాయంత్రం మేం తినేవాళ్లం. మధ్యాహ్నమంతా నేనూ తమ్ముడూ ఆమె చుట్టూ తిరుగుతూ, "నాయినమ్మా, బతికున్నవా?" అని అడిగి పకపకా నవ్వేవాళ్లం. "ఉన్ననే" అని ఆమె కూడా బోసినోటితో నవ్వేది. మాకది ఓనగుంటల్లాగే ఒక ఆట.

ఒకరోజు ఎండ నడినెత్తిన ఉండగా కొట్టం వెనక ఆమె గోడ పట్టుకుని కక్కుకోవడం నేను చూశాను. నన్ను చూసి కొంగుతో మూతి తుడుచుకుని దగ్గరకు పిలిచింది.

"మీ అవ్వకు జెప్పకు బిడ్డా. జెప్తె ఇగ కూర తేనే తేదు. ఉట్టి గట్క మీకు గొంతు దిగదు. ఇయ్యాల్టిదే ఖరాబున్నది. రేపు మళ్ల నేనే తిని సూస్త."

తర్వాత కూరకుండను పెంటకుప్ప మీద వంపేసింది. చేను నుంచి వచ్చిన అవ్వతో కుక్క మూతి పెట్టిందని చెప్పింది. గింజ కింద పడితే ఏరుకునే అవ్వ ఆ ఖాళీ కుండను చూసి తట్టుకోలేకపోయింది.

"ఇంట్ల కూసున్న మనిషివి, కుక్కను గూడ కొట్టరాదా? నీ కడుపు నిండె. పోరల కడుపు నీకెందుకు?"

నాయినమ్మ తల వంచుకుంది. నేను అక్కడే నిలబడి ఉన్నాను.

మర్నాడూ ఆమె తిన్నది. ఆ మరుసటి రోజు మంచం లేవలేదు. వారం తిరగకముందే పోయింది. పండుటాకు రాలిందన్నారు ఊరివాళ్లు. కూర వల్లనో, వయసు వల్లనో ఎవరు చెప్పగలరు?

దినాలు అయ్యాక ఒకరోజు పక్కింటామెతో అవ్వ, "సచ్చే ముందు గూడ కూరంత కుక్కపాలు జేసింది మా అత్త" అంటుంటే నాకు ఆగలేదు. చూసిందంతా చెప్పేశాను. జొన్నలు చెరుగుతున్న చాట అవ్వ చేతిలో ఆగిపోయింది. "గప్పుడే నాకెందుకు జెప్పలేదే?" అంటూ నా వీపు మీద ఒక్కటి చరిచింది. ఆ చెయ్యి చాలాసేపు నా వీపు మీదే ఉండిపోయింది.

అవ్వ మళ్లీ వాగుకు పోలేదు. ఆ ఏడంతా గట్కలోకి ఉప్పూ కారమే. తమ్ముడికి నోటి మూలలు పగిలి నెత్తురు వచ్చేది. వాగు కింది చేలు పాడుపడి పటేలు సేద్యం తగ్గించాడు; నాయిన ఆ కార్ఖానాలోనే మూటలు మోసే పనికి కుదిరాడు. మొదటి జీతంతో ఇంటికి బియ్యం వచ్చాయి. తెల్లటి అన్నం ముందు పెట్టుకుని అవ్వ వెక్కివెక్కి ఏడ్చింది. మేం మాత్రం ఆకలితో గబగబా తిన్నాం.

ఇప్పుడు కార్ఖానా మూతపడి గోడ మాత్రం మిగిలింది. వాగు నల్లటి మురుగుకాలువ అయింది. దాన్ని వాగు అని పిలిచేవాళ్లు కూడా లేరు. చేలగట్లు ప్లాట్ల కింద పోయాయి, వాటితోపాటే ఆ ఆకుల పేర్లూ పోయాయి. పెత్తరమాస నాడు పోయిన పెద్దల పేరున బియ్యంతో పాటు వాళ్లకు ఇష్టమైన కూరగాయలు ఇస్తాం. అవ్వకు వంకాయలు, నాయినకు చిక్కుడు. నాయినమ్మ దగ్గరికి వచ్చేసరికి ప్రతి ఏడూ నా చెయ్యి బుట్టలో ఆగిపోతుంది. ఆమెకు ఏ కూర ఇష్టమో నాకు తెలియదు. ఇష్టపడి తింటుండగా ఆమెను నేను ఒక్కసారి కూడా చూడలేదు.