మసీదు బడి గోడ మీద నా తీర్పు

నా చివరి పోస్టింగు గుంటూరులో, పాత కట్టడాల భద్రత చూసే డిప్యూటీ ఇంజనీరుగా. ఆ ఏడు వానలు వెలిశాక, నల్లపాడు అవతల ఒక ఊళ్లోని పాత మసీదు కప్పు కారుతోందని, దాన్ని పరీక్షించమన్నారు. మధ్యలో నమాజు హాలు, ఒక పక్కన వరసగా బడి గదులు. మిరపకాయల తొడిమలు తీసే కూలికి పోయే తల్లుల పిల్లలు పగలంతా అక్కడే చదువుకునేవారు.

కొలతలు తీయగానే దొంగ దొరికాడనుకున్నాను. గదులు రోడ్డుకు సమాంతరంగా ఉన్నాయి, హాలు మాత్రం పక్కకు తిరిగి ఉంది. రెంటి మధ్య గోడ మందం ఒక కొసన రెండడుగులు, రెండో కొసన ఆరడుగులు. పునాది కుంగి హాలు తిరిగిపోయిందని అక్కడికక్కడే తేల్చేశాను. పునాది కుంగితే గోడ లావెక్కదని నాకు తట్టలేదు. అతుకుల మీద గాజు పట్టీలు అంటించాం. గోడ కదిలితే అవి పగులుతాయి. వారాలు గడిచినా ఒక్కటీ పగల్లేదు. గాజు మరీ మందం తెచ్చారని మా వాళ్లను విసుక్కున్నాను. అనుభవం అంటే అలా ఉంటుంది.

బడి మూసేయాలని పై అధికారికి ఫోనులో చెప్పేసి, ఆ మాట బడివాళ్లకు చెప్పడానికి వెళ్లాను. పిల్లాణ్ణి దింపడానికి వచ్చిన ఒకావిడ నిలదీసింది.

"మూసేస్తే వీణ్ణి ఆ మిరపకాయల ఘాటులో నా పక్కన కూచోబెట్టుకోమంటారా సార్?"

హాలు తిరిగిపోయిందమ్మా అని నసిగాను.

అక్కడ పాఠాలు చెప్పే మౌల్వీ గారు ఆశ్చర్యపోయారు. "తిరగడమేంటండీ? బడిని రోడ్డుని బట్టి కట్టారు, హాలుని మక్కా దిక్కుని బట్టి కట్టారు. మధ్యలో మిగిలిన సందుని గోడతో పూడ్చేశారు."

సిగ్గుతో చచ్చిపోయాను. వాస్తు కోసం మా ఇంటి గేటును రోడ్డుకు ఏటవాలుగా పెట్టించి, కారు తిప్పుకోలేక రోజూ తిట్టుకునే ఇంజనీరును నేనే మరి. మాదైతే దిక్కు, వాళ్లదైతే కుంగుడు.

కారే కప్పుకు మరమ్మతు చాలు, బడి నడపవచ్చని రిపోర్టు రాశాను. మూసేయాలన్నారు కదా, ఏమైందని పై అధికారి అడిగారు. కుంగింది నా లెక్కేనండీ అన్నాను. ఆయన నవ్వలేదు, సంతకం మాత్రం పెట్టారు. మర్నాడు బడి మామూలుగానే తెరిచారు.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా, పాత కట్టడంలో ఏ గోడ వంకరగా కనిపించినా, టేపు తీయడానికి ముందు దాన్నెందుకలా కట్టారని అక్కడివాళ్లను అడిగేవాణ్ణి. చాలాసార్లు వాళ్ల దగ్గర కారణం ఉండేది.