అరుగు మీద కర్రలు

మా కాలనీ సంఘం సమావేశాల్లో ఈ మధ్య ఒకటే మాట. కత్తిపోట్లు ఎక్కువయ్యాయి, గొలుసులు తెంపుకుపోతున్నారు, గేటుకి ఇంకో తాళం వేయించాలి అంటారు. "మన చిన్నప్పుడు ఇవన్నీ ఉన్నాయాండీ?" అని నన్ను సాక్ష్యానికి పిలుస్తారు. నాకు ఒళ్ళు మండుతుంది. లేకేం? బోలెడు ఉన్నాయి. మిరపకళ్ళం ఆరకముందే తలలు పగిలేవి. కాకపోతే ఎవరు ఎవర్ని కొట్టారో, ఎందుకు కొట్టారో, పిల్లలతో సహా అందరికీ తెలిసేది. ఇప్పుడు చంపినవాడి మొహం తెలియదు, చచ్చినవాడి ఊరు తెలియదు. నాకు భయం వేసేది అందుకే.

అప్పట్లో మా ఇల్లు గుంటూరు శివార్లలో, పల్లెల నుంచి వచ్చే బండ్ల బాటకి ఆనుకుని ఉండేది. వీధి గుమ్మానికి అటొకటి ఇటొకటి రెండు అరుగులు. ఎదురుగా ఖాళీ స్థలంలో వ్యాపారస్తులు మిరపకాయలు ఆరబోసేవారు. మాఘమాసం వస్తే వీధి వీధంతా తుమ్ములే. కొత్తగా కాపరానికి వచ్చిన మా అమ్మ పెళ్ళయిన మొదటి ఏడంతా ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకునే వంట చేసిందట.

కోర్టు వాయిదాకి వచ్చే పల్లెవాళ్ళందరూ మా ఇంటి ముందు ఆగేవారు. పొలం గట్టు తగాదాలు, పంచాయతీ ఎన్నికల తగాదాలు, వాటిలోంచి పుట్టిన కొట్లాట కేసులు. చేతికర్ర లేకుండా ఊరు దాటని మనుషులు. కర్రతో కోర్టులోకి పోనివ్వరు గనక, దాన్ని మా నాయనమ్మకి అప్పగించి వెళ్ళేవారు. ఒక పార్టీ కర్రలు ఎడమ అరుగు మీద, ఎదుటి పార్టీ కర్రలు కుడి అరుగు మీద. కొట్టుకున్నవాళ్ళూ కొట్టించుకున్నవాళ్ళూ ఒకే కుండలో మజ్జిగ తాగి, మొహాలు చూసుకోకుండా కోర్టుకి నడిచేవారు. సాయంత్రం ముందొచ్చినవాళ్ళకి ముందు కర్రలు. వాళ్ళు బాట పట్టి కనుమరుగయ్యేదాకా రెండోవాళ్ళు మా పెరట్లో కూర్చుని గోంగూర పచ్చడితో అన్నం తినాల్సిందే. ఈ పద్ధతి ఎవరు పెట్టారో నాకు తెలియదు. మా నాయనమ్మ మాత్రం దాన్ని సొంత ఆస్తిలా చూసుకునేది. ఆ అరుగుల దగ్గర ఎవరూ ఎవరి మీదా చెయ్యెత్తలేదని చెప్పుకుని మురిసిపోయేది.

ఒక ఏడాది, పత్తితీతలు అయ్యాక, ఒక హత్య కేసు తీర్పుకొచ్చింది. గట్టు తగాదాలో తండ్రిని పోగొట్టుకున్న కుర్రవాడు ఎడమ అరుగు మీద కర్ర పెట్టి వెళ్ళాడు. నూనె పట్టించి నున్నగా మెరిసే కర్ర, చివర ఇత్తడి పొన్ను. అది వాళ్ళ నాన్నది. చంపారని కేసు పడ్డవాళ్ళు తమ కర్రలు కుడి అరుగు మీద పెట్టి వెళ్ళారు.

మధ్యాహ్నం కాకముందే కుర్రవాడు ఒక్కడూ తిరిగొచ్చాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"కేసు కొట్టేశారు మామ్మా. సాక్షులు అడ్డం తిరిగారు. నా కర్ర ఇవ్వు."

"అన్నం తిందువుగాని రా, అబ్బాయ్."

"అన్నం వద్దు. వాళ్ళు ప్లీడరు ఇంటికి పోయారు. కర్రల కోసం ఇక్కడికే రావాలిగా."

మా అమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. నాకూ అర్థమైంది. వాళ్ళు ఒట్టి చేతులతో వస్తారు. ఎవరికీ దెబ్బ తగలకూడదని పెట్టుకున్న పద్ధతే వాళ్ళని ఈ కుర్రవాడి ముందు నిరాయుధంగా నిలబెడుతుంది. కర్ర ఇస్తే మా గుమ్మంలో హత్య. ఇవ్వకపోతే, నమ్మి అప్పగించిన సొత్తు దాచుకున్నట్టు. ఆ తర్వాత ఏ ఊరివాడూ మా అరుగు మీద కర్ర పెట్టడు, కర్రలతోనే కోర్టు దారి పడతారు.

మా నాయనమ్మ ఎడమ అరుగు దగ్గరికి వెళ్ళి ఆ కర్ర తీసింది. తీసి, దాని మీద ఆనుకుని నిలబడింది.

"ఒరేయ్, మోకాలు పట్టేసిందిరా. ఈ కర్ర లేకపోతే అడుగు పడేట్టు లేదు. నన్ను మీ ఊరు తీసుకుపో. మీ అమ్మని చూడాలి. తీర్పు సంగతి ఆమెకి నువ్వొక్కడివే ఎట్టా చెబుతావు?"

మా నాయనమ్మకి మోకాళ్ళ నొప్పి లేదు. పొద్దున్నే బిందె చంకనెత్తుకుని నీళ్ళు తెచ్చిన మనిషి. కుర్రవాడికీ ఆ సంగతి తెలుసు. కానీ ముసలామె ఊతంగా పట్టుకున్న కర్రని లాక్కునే పెంపకం కాదు వాడిది. చివరికి బండి కట్టి, ఆమెని చెయ్యిపట్టి ఎక్కించాడు. ఆమె కర్ర ఒళ్ళో అడ్డంగా పెట్టుకుని కూర్చుంది.

వాళ్ళు వెళ్ళాక కుడి అరుగువాళ్ళు నవ్వుకుంటూ వచ్చారు. మా అమ్మ వాళ్ళని పెరట్లో కూర్చోబెట్టి, పొద్దువాలేదాకా వడ్డిస్తూనే ఉంది. అంత కోపంగా అన్నం వడ్డించడం నేను మళ్ళీ చూడలేదు.

మర్నాడు నాయనమ్మ కర్రతో తిరిగొచ్చింది. "వాళ్ళమ్మ ఏడ్చింది, నేనూ ఏడ్చాను, వాడూ ఏడ్చాడు" అని మాత్రం చెప్పింది.

ఆ తర్వాత ఏటా మిరపకాయలు కోతకొచ్చాక అతను ఒక బుట్టెడు పండుమిరపకాయలు తెచ్చేవాడు. గుమ్మంలో నిలబడి, "మోకాలు తగ్గిందా మామ్మా?" అనేవాడు.

"ఎక్కడరా, ఇంకా లాగుతూనే ఉంది."

"అయితే కర్ర ఉంచుకో."

అతనికి పెళ్ళయింది. పిల్లలు పుట్టారు. పిల్లల్ని ఎత్తుకొచ్చినా అదే ప్రశ్న, అదే జవాబు. మేం లోపల నోళ్ళు మూసుకుని నవ్వేవాళ్ళం.

నాయనమ్మ పోయినప్పుడు అతను కబురు విని పరుగున వచ్చాడు. పెద్దకర్మ అయ్యాక మా నాన్న ఆ కర్ర తెచ్చి అతనికి ఇవ్వబోయాడు. "మీ నాన్నగారిది. ఇన్నాళ్ళూ మా దగ్గరే ఉండిపోయింది. తీసుకో" అన్నాడు.

అతను చెయ్యి చాపలేదు.

"మోకాలు తగ్గిందని ఆవిడ మీతో ఎప్పుడన్నా చెప్పిందా అండీ?"

"లేదు" అన్నాడు నాన్న.

"మరి నేనెట్టా తీసుకుంటానండీ?" అని, కళ్ళు తుడుచుకుని, ఒట్టి చేతులతో ఊరికి వెళ్ళిపోయాడు.