మస్తాన్‌బీ సిస్టర్ శనివారాలు

ఫిబ్రవరి వచ్చిందంటే మా ఓపీ గదిలోకి రోగుల కంటే ముందు మిరపకాయల ఘాటు వస్తుంది. కల్లాల్లో కాయ ఎండబెట్టుకుంటున్న వాళ్ళ బట్టల్లో, సంచుల్లో, చివరికి స్కాన్ ఫిల్ములు పెట్టుకున్న కవర్లలో కూడా ఆ ఎర్రటి దుమ్ము ఉంటుంది. ఈ ఉదయం కనిగిరి వైపు నుంచి వచ్చిన ఒకాయన ఫైలు విప్పగానే నాకు వరసగా నాలుగు తుమ్ములు వచ్చాయి. నాలుగో తుమ్ము పూర్తికాకముందే, "ముందు మీ ముక్కు సంగతి చూసుకోండి మేడమ్, తర్వాత వాళ్ళ రోగం చూద్దురుగాని" అని వెనక నుంచి ఒక గొంతు వినబడాలి. వినబడలేదు. ఆ గొంతు గల మనిషి, మా నర్సు మస్తాన్‌బీ సిస్టర్, రిటైరై ఏడాది దాటింది. క్యాన్సరుకు ఏ మందు ఇవ్వాలో నేను పెద్ద కాలేజీల్లో నేర్చుకున్నాను. ఇచ్చాక ఆ మనిషిని ఎలా కనిపెట్టుకుని ఉండాలో ఆవిడ దగ్గర నేర్చుకున్నాను. అది కూడా తేలిగ్గా నేర్చుకోలేదు.

ఆవిడది చిలకలూరిపేట. పత్తి జిన్నింగ్ మిల్లు పక్క ఇంట్లో పుట్టి పెరిగింది. మిల్లు రొదలో మాట వినబడాలంటే అరవాలి కాబట్టి, అరవడాన్నే మాట్లాడటం అంటారని చిన్నప్పుడే అనుకున్నట్టుంది. రోజూ బస్సులో గుంటూరు వచ్చి వెళ్ళేది. మామూలుగా నన్ను 'మేడమ్' అనేది. నా మీద కోపం వస్తే 'డాక్టరమ్మా' అనేది. నేను ఉద్యోగంలో చేరిన మొదటి నెలలో ఈ రెండో పిలుపే ఎక్కువ విన్నాను. ఇంటి దగ్గర మాత్రలు మింగే క్యాన్సరు రోగులందరికీ ప్రతి శనివారం మధ్యాహ్నం భోజనం కాగానే ఫోను చేయడం ఆవిడ పెట్టుకున్న నియమం. ఎవరూ చెయ్యమనలేదు. "సెలైను ఎక్కించేవాళ్ళు మన కళ్ళ ముందే ఉంటారు మేడమ్. మాత్రల వాళ్ళు మనకు కనబడేది ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చిన రోజే" అనేది.

రోశయ్య గారి కథ లేకుండా ఆవిడ గురించి చెప్పలేను. చిలకలూరిపేట దగ్గర పల్లెలో పత్తి రైతు. అరవై దాటాయి. మూత్రాశయంలో మొదలైన క్యాన్సరు ఊపిరితిత్తులకు పాకింది. కీమో దాన్ని కొన్నాళ్ళు ఆపింది, ఆ తర్వాత ఇచ్చిన ఇమ్యునోథెరపీ ఇంకొన్నాళ్ళు ఆపింది, తర్వాత రెండూ చేతులెత్తేశాయి. కణితి ముక్కను జన్యు పరీక్షకు పంపితే, ఒక కొత్త మాత్రకు లొంగే మార్పు అందులో ఉందని తేలింది. అందరిలోనూ ఉండే మార్పు కాదది. రిపోర్టు చూసి గంతేసినంత పనిచేశాను. ఎందుకంటే అది కూడా లేకపోతే ఆయనకు ఇవ్వడానికి నా దగ్గర చెప్పుకోదగ్గ మందు మరొకటి లేదు.

ఆ మాత్ర ఇస్తే రెండు విషయాలు కనిపెట్టి ఉండాలి. మందు ఒంట్లో పనిచేస్తుంటే రక్తంలో ఫాస్ఫేటు పెరుగుతుంది. రెండు మూడు వారాల్లో తగినంత పెరగకపోతే మోతాదు పెంచుతాం, మరీ పెరిగితే మందు ఆపుతాం. ఇక రెండోది కన్ను. కొందరికి కంటి వెనక పొర కింద నీరు చేరుతుంది. అందుకే మొదటి నాలుగు నెలలూ నెలనెలా కంటి డాక్టరుకు చూపించి తీరాలి. ఇదంతా వివరించాక రోశయ్య గారు తల ఊపి, "ఫాస్ఫేటంటే మేం వేసే డీఏపీ ఎరువులో ఉండేదేగా అమ్మా? అంటే చేనుకు మట్టి పరీక్ష చేసినట్టు నాకూ చేస్తారన్నమాట" అన్నారు. ఆయన భార్య అంజమ్మ గారు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. కంటి డాక్టరు ముందుగా ఒకసారి చూసి అంతా బాగుందన్నాక మాత్ర మొదలుపెట్టాం.

ఆ శనివారం సిస్టర్ ఫోను మాటలు మొదటిసారి విన్నాను. వినకుండా ఉండే అవకాశం వరండాలో ఎవరికీ లేదు. "ఏం అంజమ్మ గారూ, ఈ వారం మీ ఇంట్లో ఎవరెవరు పోట్లాడుకున్నారు?" అని మొదలుపెట్టింది. అటునుంచి పావుగంట ధారాళంగా వచ్చింది. పప్పులో ఉప్పు లేదని రోశయ్య గారు కంచం నెట్టేశారట, ఉందని ఆవిడ మొత్తుకుందట. నాకు చిరాకు వేసింది.

"సిస్టర్, ఇది ఆస్పత్రా, పంచాయతీ ఆఫీసా?" అన్నాను.

"నోరు ఎండిపోయి రుచి పోయింది ఆయనకి. రాసుకోండి" అంది ఆవిడ, ఫోను పెట్టేస్తూ. "ఎలా ఉన్నారంటే అందరూ 'బానే ఉన్నామండి' అంటారు. అది నమస్కారంలాంటిది డాక్టరమ్మా, జవాబు కాదు. ఒంట్లో ఏది తేడా వచ్చినా ముందు ఇంట్లో పోట్లాట వస్తుంది."

నేను రాసుకున్నాను గానీ, ఒప్పుకోలేదు. అప్పట్లో నాకు అంకెల మీద ఉన్న నమ్మకం మనుషుల మాటల మీద ఉండేది కాదు.

మూడు వారాలకు రోశయ్య గారు వచ్చారు. ఫాస్ఫేటు నేను ఆశించినంత పెరగలేదు. మోతాదు పెంచాలి. కానీ పెంచే ముందు కంటి పరీక్ష కావాలి, అది ఆయన చేయించుకోలేదు. "నిన్న వాన పడిందమ్మా. నేల పదును ఆరకముందే గింజ పెట్టాలి. కళ్ళు బానే ఉన్నయ్యి, వచ్చే వారం చూపిస్తాలే" అన్నారు, అప్పటికే సగం గుమ్మం బయట ఉండి. నేను కలం తీశాను. సిస్టర్ నా పక్కకు వచ్చి, "కళ్ళ రిపోర్టు లేదు కదా" అంది మెల్లగా. ఆవిడ మెల్లగా మాట్లాడటం నేను వినడం అదే మొదలు.

"బాగానే కనబడుతోందంటున్నారుగా సిస్టర్. ఆలస్యం చేస్తే రోగం ముదురుతుంది" అన్నాను. మోతాదు పెంచి రాసిచ్చాను. ఆవిడ తన శనివారం ఫోన్ల కాగితంలో ఆయన పేరు అన్నిటికంటే పైన రాసుకుంది.

ఆ శనివారం అంజమ్మ గారు ఏడుస్తూ ఫోను ఎత్తింది. పత్తి గింజ పెట్టే ముందు పొలమంతా నిలువుగా, అడ్డంగా గీతలు తోలతారు, ఆ సాళ్ళు కలిసిన చోట గింజ పెడతారు. ఆ ఏడు రోశయ్య గారికి ఓపిక లేక అంజమ్మ గారి తమ్ముడు తోలాడు. చూడటానికి వెళ్ళిన రోశయ్య గారు గట్టు మీద నిలబడి, సాళ్ళన్నీ వంకరగా తోలావని అతన్ని నలుగురిలో నానా మాటలూ అన్నారట.

"అన్నం కూడా తినకుండా పోయాడండీ మా తమ్ముడు. ఇరవై ఏళ్ళ నుంచి తోలుతున్నాడు, ఒక్కళ్ళు వంకపెట్టలేదు."

"మీరు చూశారా సాళ్ళు? వంకరున్నయ్యా?"

"ఎక్కడండీ! తాడు పట్టి గీసినట్టున్నయ్యి."

సిస్టర్ లేచి నిలబడింది. రోశయ్య గారికి ఫోను ఇమ్మంది. ఒక కన్ను మూసుకుని ఇంటి కిటికీ ఊచలు చూడమంది, తర్వాత రెండో కన్ను మూసుకుని చూడమంది. ఎడమ కంటికి ఊచలు తిన్నగానే ఉన్నాయి. కుడి కంటితో చూస్తే మధ్యలో వంగినట్టు కనబడుతున్నాయన్నారు. ఆవిడ ఫోనుకు చెయ్యి అడ్డం పెట్టి నా వైపు తిరిగింది. "మాత్ర ఆపమని చెప్పమంటారా?"

ఆపితే క్యాన్సరు లేస్తుంది. ఆపకపోతే కన్ను పోతుంది. ఆపమన్నాను.

మర్నాడు ఆదివారమైనా కంటి డాక్టరు చూశాడు. కుడి కంటి వెనక నీరు చేరింది. మందు ఆపి నాలుగు వారాలు చూడాలి. ఆలోగా తగ్గకపోతే ఆ మాత్ర ఇక ఎప్పటికీ లేదు. ఈ మాట వాళ్ళకు సిస్టర్ చెబితే బాగుండునని అడిగాను. సిగ్గు విడిచి చెబుతున్నాను, బతిమాలాను.

"చెప్పను డాక్టరమ్మా. నేను చెబితే ఆయన నన్ను నమ్ముతాడు. తప్పు మీరు చేశారు, మీరు చెబితే మిమ్మల్ని నమ్ముతాడు" అంది.

చెప్పాను. కంటి పరీక్ష చూడకుండా మోతాదు పెంచాను, అది నా తప్పు అన్నాను. రోశయ్య గారు తన అరచేతుల వంక చూసుకున్నారు.

"మందు కొట్టేటప్పుడు మేమూ మోతాదు తప్పుతామమ్మా. కానీ చేను చూసి కొడతాం. మీరు చూడకుండా కొట్టారు." లేచి నిలబడి, "ఇక నుంచి చూసి కొట్టండి" అన్నారు. తిట్టినా బాగుండేది అనిపించింది.

ఆ తర్వాతి వారాల్లో నేను సరిగ్గా నిద్రపోలేదు. వారం వారం ఆయన బస్సెక్కి కంటి పరీక్షకు వచ్చేవారు, నేను వెంట వెళ్ళి బయట బల్ల మీద కూర్చునేదాన్ని. మూడో వారానికి నీరు తగ్గింది. నాలుగో వారానికి పూర్తిగా పోయింది. తక్కువ మోతాదుతో మళ్ళీ మొదలుపెట్టాం. ఆ మోతాదుకే ఊపిరితిత్తుల్లో గడ్డలు కరిగాయి. రోశయ్య గారు బావమరిది ఇంటికి తనే వెళ్ళి, "వంకర నా కంట్లో ఉందిరా" అని చెప్పి భోజనానికి పిలుచుకొచ్చారట. ఆయన ఆ తర్వాత రెండు పత్తి పంటలు చూశారు. మూడో పంట వేళకు రోగం తిరగబెట్టింది, ఈసారి నా దగ్గర ఏమీ మిగల్లేదు.

ఆయన పోయాక కూడా సిస్టర్ అంజమ్మ గారికి ఫోను మానలేదు. రిటైరయ్యే ముందు చివరి శనివారం, అందరి ఫోన్లూ అయ్యాక అంజమ్మ గారి నంబరు కలిపి, ఫోను నా చేతిలో పెట్టి, బ్యాగు తగిలించుకుంది. "పేట బస్సుకు టైమైంది. మీరు మాట్లాడండి" అంది.

అంజమ్మ గారు నా గొంతు గుర్తుపట్టింది. "బానే ఉన్నానమ్మా" అంది. తర్వాత అడక్కుండానే చెప్పింది. "ఆయన చివరిదాకా చూపుతోనే ఉన్నాడమ్మా. పోయే ముందు రోజు కూడా మంచం గోడకు తిన్నగా వేయలేదని మా తమ్ముణ్ణి కసిరాడు. చూస్తే నిజంగానే నాలుగు వేళ్ళంత వంకరుంది."

సిస్టర్ గుమ్మం దగ్గర ఆగి, అడగండి అన్నట్టు గడ్డం ఎగరేసింది. అడిగాను. "ఈ వారం ఎవరితో పోట్లాడారండీ?"

"పోట్లాడటానికి ఎవరున్నారమ్మా?" అంది అంజమ్మ గారు.

నేను ఫోను పెట్టేయలేదు. ఏం కూర వండారని అడిగాను, పొద్దున బీపీ మాత్ర వేసుకున్నారా అని అడిగాను. వేసుకోలేదంది. ఎందుకు వేసుకోలేదని గట్టిగా కేకలేశాను, వరండా అంతా వినబడేలా. అటునుంచి ఆవిడా గొంతు పెంచింది. తలెత్తి చూసేసరికి సిస్టర్ వెళ్ళిపోయింది. ఇప్పుడు శనివారం ఫోన్లన్నీ నేనే చేస్తాను. కళ్ళ రిపోర్టు నా బల్ల మీదకు రాకుండా ఆ మాత్ర ఒక్కటి కూడా పెంచను, ఎవరు ఎంత తొందరపెట్టినా సరే. అన్ని ఫోన్లూ అయ్యాక అంజమ్మ గారికి చేసి, వారానికోసారి ఆవిడతో పోట్లాడతాను.