నోరు చూడని బేరం

సోమందేపల్లె నాగప్ప ముప్పై ఏళ్ల గొర్రెల వ్యాపారంలో ఒకే ధర్మసూత్రానికి కట్టుబడి ఉన్నాడు: నోరు తెరిచి పండ్లు చూడనిదే గొర్రెను కొనరాదు. పండ్లు వయసు చెబుతాయి, అమ్మేవాడు చెప్పడు. పెళ్లిచూపుల్లో తనను రెండుసార్లు నవ్వమన్నాడని భార్య బయమ్మ ఇప్పటికీ అందరికీ చెబుతుంది.

ఆ ఎండాకాలం మేత లేక పది గొర్రెలను అమ్మాడు. వానలు పడగానే ఆ డబ్బుతోనే మళ్లీ మందను నింపుకోవాలి. అంతదాకా అది ఊరికే పడుండడం దేనికని, సెల్ అంగడి ముబారక్ చేత ఫోన్లో షేర్ల ఖాతా తెరిపించాడు. కంపెనీలు వాటాదారులకు పంచే డబ్బు, అంటే డివిడెండు, ఏ షేరుకు ఎక్కువో వరుసగా చూపే పట్టిక అందులో ఉంది. రెండో పేరు దాకా పోయే శ్రమ నాగప్ప తీసుకోలేదు. మొదటిది ఒక పెంకుల కంపెనీ: ధర నూరు రూపాయలు, డివిడెండు ఇరవై నాలుగు శాతం.

"అంత ఇస్తాండారంటే ఏదో ఉండాదన్నా," అన్నాడు ముబారక్.

"ఉండేది నీ అనుమానమే. దుడ్లన్నీ దీంట్లోనే పెట్టి నొక్కప్పా!"

పదిహేను రోజుల్లో ఆ శాతం ముప్పై అయింది. నాగప్ప ఫోను పట్టుకుని సంతంతా తిరిగాడు. "చూడండప్పా, ఎట్ల పెరుగుతాండాదో!" షేరు ధర ఎనభైకి పడిందన్న సంగతి ఆ పక్కనే, చిన్న అంకెల్లో, వినయంగా నిలబడి ఉంది.

మరుసటి ఆదివారం సంతకు తనకల్లు రైతు శివప్ప ఒక గొర్రెను తెచ్చాడు. "పోయినేడు జంట పిల్లల్ని ఈనిందన్నా. సగం ధరకే ఇస్తా."

నాగప్ప దాని నోరు తెరిచాడు. పండ్లు అరిగి చిగుళ్లకు ఆనుకుని ఉన్నాయి.

"ఈనింది నిజమే లేప్పా. ఇంక ఈనదు. అందుకే గదా సగం ధర!" అన్నాడు. ఆ మాట తన చెవినే పడింది. గొర్రె మూతి పట్టుకుని అట్లాగే నిలబడిపోయాడు.

"ఇడువన్నా, దానికి ఊపిరాడల్ల," అన్నాడు శివప్ప.

నేరుగా సెల్ అంగడికి పోయాడు. "ఈ షేరుకు పండ్లు యాడ చూడల్లప్పా?"

ముబారక్ కంపెనీ లెక్కలు తెరిచాడు. పోయినేడు షేరు ధర మూడు వందలు. షేరుకు పంచింది ఇరవై నాలుగు రూపాయలు. అందులో ఇరవై, ఫ్యాక్టరీ స్థలం అమ్మగా వచ్చినవి. పెంకుల మీద మిగిలింది నష్టమే.

"అమ్మిన స్థలం మళ్లా అమ్మలేరు గదన్నా. పోయినేడు పంచిన దుడ్లను ఈ పొద్దు ధరతో భాగిస్తే వచ్చేదే ఆ శాతం. ధర పడేకొద్దీ అది పెరుగుతాది."

"అంటే నేను నా నష్టానికి పండగ జేసుకుంటినా?"

"సంతలో అందరికీ చూపించి మరీ జేసుకుంటివి."

సోమవారం పొద్దున్నే షేర్లన్నీ ఎనభైకే అమ్మకానికి పెట్టించాడు. క్షణంలో ఎవరో కొన్నారు.

"ఎవుడప్పా వాడు?"

"తెలీదన్నా."

"పాపం, నోరు చూసినాడో లేదో."

వానలు పడ్డాక ఆ డబ్బుతో గొర్రెలు కొని ఇంటికి తోలుకొచ్చాడు. బయమ్మ ముందు ఒక్కొక్కదాని నోరూ తెరిచి, శాస్త్రోక్తంగా చూపించాడు. ఆమె అన్నింటినీ ఓపికగా చూసింది.

"పండ్లు బాగుండాయి," అంది. "గొర్రెలు ఎనిమిదే ఉండాయే. రెండు యాడ?"