మ్యాపులో నుయ్యి

ఇందులో ఒక్క ముక్క కూడా నేను కలపలేదు. అంగుళం తేడా ఉన్నా మ్యాపు వెనక్కి పంపే మనిషిని. ఇలాంటి విషయంలో అబద్ధం ఎందుకు రాస్తాను?

అమెరికాలోని క్యారీలో మా ఇంటి నుంచే సర్వే మ్యాపులు సరిచూస్తుంటాను. మా జట్టులో ఎవరు ఎక్కడ ఏ బిందువు కొలిచినా, వారి పేరుతో సహా అందరి తెరల మీదా అప్పటికప్పుడే కనిపిస్తుంది. ఆ సాయంత్రం లహరి ఊరి చివర అడవిలో ఒంటరిగా కొలుస్తోంది. ఇక్కడే పుట్టిన పిల్ల. తెలుగు మాట్లాడుతుంది కానీ చదవడం రాదు.

చీకటి పడింది. ఫోన్ మోగింది.

"ఆంటీ, తెలుగులో ఏం టైప్ చేశారు? నాకు చదవడం రాదు కదా."

"నేనేమీ టైప్ చేయలేదమ్మా."

"మీ పేరే ఉంది. పాయింట్ నా ముందే వచ్చింది. వెళ్లి చెక్ చేస్తున్నా."

తెర వైపు చూశాను. లహరి చుక్క మెల్లగా కదులుతోంది... దాని ముందు ఇంకో చుక్క. కదలడం లేదు. పక్కన నా పేరు. కింద ఒకే మాట...

నుయ్యి.

"లహరీ, ఆగు. అక్కడ బావి ఉంది. వచ్చిన అడుగుల్లోనే వెనక్కి రా."

ఆకులు నలిగిన చప్పుడు. ఆగింది. కర్రతో పొడిచినట్టుంది... ఏదో విరిగింది. లోపల ఎక్కడో పడింది.

"ఆంటీ... పైన పాత చెక్కలు. అన్నీ ఆకులు కప్పేశాయి. ఇంకొక్క స్టెప్ వేసుంటే..."

"కార్‌లో కూర్చుని లాక్ చేసుకో. ఫోన్ మాత్రం పెట్టేయకు."

మా జట్టులో తెలుగు రాసేది నేనొక్కదాన్నే. నేను బావి అంటాను. నుయ్యి అని ఎన్నడూ రాయలేదు. అయినా ఎవరో నా పేరుతో పెట్టారని సరిపెట్టుకునేదాన్నే...

ఇంట్లో కూర్చుని తెర మీద గుర్తు పెడితే దానికి ఎత్తు రాదు. పరికరాన్ని ఆ చోట నిలబెట్టి కొలిస్తేనే వస్తుంది. ఈ బిందువుకు ఎత్తు ఉంది. నేల మట్టానికి ఇరవై రెండు అడుగుల కింద.

మర్నాడు పగటి వెలుగులో లహరి మరో ఇద్దరితో వెళ్లి బావిలోకి టేపు దించింది.

"ట్వెంటీ టూ, ఆంటీ. అడుగు తగిలింది."

ఆకాశం సరిగా కనిపించని చోట ఉపగ్రహాలతో కొలిచే ఆ పరికరం పనిచేయదు. మరి అడుగున నిలబడి కొలిచింది ఎవరు...

"ఆ పాయింట్ డిలీట్ చేయనా?"

"వద్దు."

ప్రతి బిందువూ సరో కాదో తేల్చాల్సింది నేనే. ఇది మాత్రం అలాగే ఉంది. కొలతలో తప్పు లేదు. పేరు నాది... కొలిచింది నేను కాదు.