నాన్న కంటే ముందు బయల్దేరిన గ్లవ్స్

మా నాన్న రేసు కారు వెనక ఐదేళ్ళపాటు ఒక పసుపు చదరం ఉండేది. దాని మీద నల్లటి ఇంటూ గుర్తు. వెనకవాళ్ళు కాస్త జాగ్రత్తపడాలని, కొత్తగా రేసుల్లోకి వచ్చినవాళ్ళందరికీ అది అంటిస్తారు. ఆయన కంటే ఒక రౌండు ఎక్కువ కొట్టి వచ్చేవాళ్ళు తప్ప నాన్న వెనక ఎవరూ ఉండేవారు కాదు, అది వేరే సంగతి.

ఆ గుర్తు పోవాలంటే కొన్ని రేసులు పూర్తిచేసి, ఒక్కోదానికి లైసెన్సు మీద అధికారి సంతకం తెచ్చుకోవాలి. గెలవక్కర్లేదు, గీత దాటితే చాలు. మిగతావాళ్ళకు ఒక వేసవిలో అయిపోయే పని. నాన్నకు గీత దాటడమే కుదిరేది కాదు. ఒకసారి గేర్‌బాక్స్ పోయింది. ఒకసారి ఊడిపోయిన చక్రం ఆయన కంటే ముందే మలుపు తిరిగింది. ఇంకోసారి బరువు తగ్గుతుందని పెట్రోలు మరీ పొదుపుగా పోసుకుని, ఆఖరి రౌండులో గడ్డి పక్కన ఆగిపోయారు.

వారమంతా ఆయన సిటీవెస్ట్ అనే ఆఫీసుల పేటలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. ఊరి శివార్లలో, లూకన్‌లో మా ఇంటి నుంచి మోటర్‌వే ఎక్కితే నెమ్మదిగా పోయేవాళ్ళ ఎడమ లేను వదలరు. ఎవరైనా దారిస్తే చెయ్యెత్తి థాంక్స్ చెప్పడం ఇక్కడి మర్యాద. నాన్న ఆ మర్యాదను రేసులోనూ పాటించేవారు. తనను దాటిపోయినవాళ్ళకు కూడా.

నా ఉద్యోగం పలక పట్టుకోవడం. ట్రాక్ అంచున గోడ దగ్గర నిలబడి, కారు అటునుంచి పోయేటప్పుడు డ్రైవరుకు ఎన్నో స్థానమో, ఎన్ని రౌండ్లున్నాయో రాసి చూపించాలి. స్థానం గురించి రాయడానికి ఏమీ ఉండేది కాదు. అందుకని తెలుగులో 'మెల్లగా', 'బాగుంది', 'పొగ వస్తోంది' అని రాసేదాన్ని. ఎవరితోనూ మాట్లాడక్కర్లేని పని కాబట్టి నాకది బాగా నచ్చింది. మిగతా సమయమంతా వ్యానులో పుస్తకం చదువుకునేదాన్ని.

అమ్మ మొదటినుంచీ ఒక షరతు పెట్టింది. ఇంటికి దగ్గర్లో ఉందని ఆ ట్రాక్‌కు ఒప్పుకుంటున్నాను, అది మూసేసిన రోజు కారు అమ్మేయాలి, కారు పెట్టుకునే షెడ్డు నాది అని. ట్రాక్ మూతపడుతుందని అప్పట్లో ఎవరూ అనుకోలేదు. తర్వాత నిజంగానే గోడౌన్లు కట్టేవాళ్ళు ఆ స్థలం కొన్నారు. శరదృతువులో ఒక ఆదివారం ఆఖరి రేసులని చెప్పారు. నాన్నకు ఇంకా ఒక్క సంతకం కావాలి. కారు కొనేవాడు సోమవారం వస్తానన్నాడు.

ఆ రోజు అమ్మ మొదటిసారి మాతో వచ్చింది. పులిహోర తెచ్చింది, ఫోన్లో పంచాంగం తెచ్చింది. మధ్యాహ్నం జరగాల్సిన నాన్న రేసు, ముందు రేసులో ఎవరిదో ఇంజను ట్రాక్ మీద నూనె కక్కడంతో వెనక్కి జరిగింది. సాయంత్రం అవుతుందని మైకులో చెప్పగానే అమ్మ ఫోను తీసింది.

"ఏవండీ, నాలుగున్నర దాటితే రాహుకాలం. ఎక్కొద్దు."

"అది ఇండియా లెక్కే. ఇక్కడి సూర్యుడు వేరు కదా," అన్నారు నాన్న, కారు కింద పడుకునే.

"సూర్యుడు వేరేంటి?"

"ఇక్కడ సూర్యుడే సరిగ్గా డ్యూటీకి రాడు. రాహువు మాత్రం టయానికొస్తాడా?"

"వస్తాడు. ఆయనకి వీసా అక్కర్లేదు."

నాన్న కారు కిందనుంచి బయటికొచ్చి నావైపు చూశారు. నేను పుస్తకంలోకి చూశాను. ఈ ఒక్క సంతకం పోతే మళ్ళీ రాదని ముగ్గురికీ తెలుసు. అమ్మే కాసేపు ఆలోచించి దారి చూపింది.

"పోనీ ప్రస్థానం పెడదాం. మా తాతయ్య అలాగే చేసేవారు. మంచి గడియలో ఆయన కండువా తీసుకెళ్ళి పక్కింట్లో పెట్టేవాళ్ళు. ఇక బయల్దేరినట్టే లెక్క. తర్వాత ఎప్పుడు వెళ్ళినా దోషం లేదు, దార్లో అది తీసుకుని పోవాలంతే. ఇంకా నాలుగున్నర కాలేదు, ఒంటిమీద వేసుకునేది ఏదైనా ఇవ్వండి."

నాన్న ఒంటిమీద ఆ సమయానికి నిప్పంటుకోని డ్రెస్సు, లోపల నిప్పంటుకోని బనియను, కాళ్ళకు బూట్లు ఉన్నాయి. చేతికందినవి గ్లవ్స్. "ఇవి తీసుకెళ్ళమ్మా. ఇప్పుడెలాగూ వేసుకోను," అన్నారు నాతో.

ట్రాక్‌లోకి వెళ్ళే గేటు దగ్గర నారింజ రంగు దుస్తుల్లో ఒక పెద్దావిడ మడతకుర్చీలో కూర్చుని ఉంది. జెండాలు ఊపే వలంటీరు. ప్రస్థానం గురించి ఇంగ్లీషులో చెప్పే ధైర్యం లేక, "ఇవి కాస్త చూస్తుంటారా?" అన్నాను. "చూస్తాను లవ్, గ్రాండ్," అందావిడ. ఇక్కడ లవ్ అంటే అమ్మాయీ అని, గ్రాండ్ అంటే సరే అని. అమ్మ దూరంనుంచి నమస్కారం పెట్టింది. ఆవిడ కూడా పెట్టింది.

రేసు పిలిచేసరికి నాలుగున్నర దాటనే దాటింది. నాన్న సీట్లో ఇరుక్కుని, బెల్టులు బిగించుకుని, హెల్మెట్ పెట్టుకుని, రెండు చేతులూ చాపారు.

"గ్లవ్స్?"

ముగ్గురమూ గేటువైపు చూశాం. కుర్చీ ఖాళీగా ఉంది. డ్యూటీ మారి ఆవిడ ట్రాక్ అవతలి కొసన ఉన్న మలుపుకు వెళ్ళిపోయిందని గేటు దగ్గరివాళ్ళు చెప్పారు. గ్లవ్స్ చూస్తానని మాటిచ్చింది కాబట్టి వెంట తీసుకెళ్ళిందట.

కార్లను వరసలో నిలబెట్టే అధికారి నాన్న చేతుల్ని చూశాడు. "గ్లవ్స్ లేకపోతే రేసు లేదు, సర్." ముందు కారులోని ఆయన, పశువుల డాక్టరుగా రిటైరైనవాడు, ఆఖరి స్థానం కోసం నాన్నతో ఎప్పుడూ పోటీపడేవాడు, తన పాత జత ఇస్తానన్నాడు.

"వద్దు!" అంది అమ్మ తెలుగులో. "ఇంకొకరివి వేసుకుంటే ప్రస్థానం ఏంగాను? అవే కావాలి. ఇక్కడికి తేకూడదు కూడా. వెనక్కొస్తే చెడిపోతుంది. ఆయనే వెళ్ళి దార్లో తీసుకోవాలి."

"గ్లవ్స్ లేందే గేటు దాటనివ్వడే!" అన్నారు నాన్న హెల్మెట్ లోంచి.

"అయితే గేటు అవతలిదాకా రప్పించండి. ఏమే, వెళ్ళి మైకులో చెప్పించవే!" అంది అమ్మ.

మైకులో చెప్పే వ్యాఖ్యాత కూర్చునేది ఒక పాత కారవాన్, చక్రాల మీది గది. నేను తలుపు కొట్టాను. అప్పటిదాకా అక్కడ ఎవరితోనూ నాలుగు మాటలు కలిపి మాట్లాడినదాన్ని కాను. ఆరోజు రాహువు దగ్గర మొదలుపెట్టి తాతయ్య కండువాదాకా మొత్తం చెప్పాను. వ్యాఖ్యాత శాండ్‌విచ్ కింద పెట్టి విన్నాడు. తర్వాత మైకు అందుకున్నాడు.

"ఒక ఇండియన్ పెద్దమనిషి గ్లవ్స్ ఆయన కంటే ముందే ప్రయాణం మొదలుపెట్టాయి. మతపరమైన కారణాలు. అవి ఎవరి దగ్గరున్నా దయచేసి రేడియోలో చెప్పండి. ఎట్టి పరిస్థితుల్లోనూ వెనక్కి తీసుకురావద్దు."

వర్షపు కోట్లలో ఉన్న జనమంతా మావైపు తిరిగారు. భూమిలోకి పోదామనిపించింది. కానీ రేడియోలో జవాబు వచ్చింది. రేసుకు ముందు ట్రాక్ చూసొచ్చే అధికారుల కారు ఆ మలుపు దగ్గర ఆగి, గ్లవ్స్ ఎక్కించుకుని, మిగతా రౌండు పూర్తిచేసుకుని గేటు అవతల నిలబడింది. నాన్న కారును నేనూ పశువుల డాక్టరు భార్యా గేటుదాకా తోశాం. గేటుకు ఇవతల నాన్న, అవతల గ్లవ్స్. అధికారి గడియారం చూసుకుని, గేటు మీదుగా చెయ్యి చాచమన్నాడు. నాన్న చాచారు.

"ఇదీ పద్ధతి," అంది అమ్మ.

రేసు సాగినంతసేపూ ఏమీ ఊడలేదు. పొగ రాలేదు. పశువుల డాక్టరు ఒకసారి గడ్డిలోకి జారడంతో ఆఖరి రౌండుకు ముందు నాన్న ఆయన కంటే ముందున్నారు. నేను 'బాగుంది' అని రాయబోతుంటే అమ్మ నా చేతిలోంచి మార్కరు లాక్కుంది. మూడు వరసల్లో రాసింది: 'ఎవ్వరికీ దారివ్వకండి. థాంక్సులు చెప్పకండి. జాగ్రత్త.'

అది చదవడానికి నాన్న వేగం తగ్గించారు. పశువుల డాక్టరు పక్కనుంచి దాటిపోయాడు. నాన్న చెయ్యెత్తి థాంక్స్ చెప్పారు.

ఆఖర్నే వచ్చారు. కానీ గీత దాటారు. లైసెన్సు మీద సంతకం పడింది. అమ్మ ఆ అధికారికి పులిహోర పెట్టింది. ఆయన కరివేపాకు జాగ్రత్తగా పక్కకు తీసి, మిగతాదంతా తిన్నాడు.

ఖాళీ అయిపోతున్న ట్రాక్‌లో నాన్న కారు వెనక మోకాళ్ళ మీద కూర్చుని, గోటితో ఆ పసుపు చదరాన్ని ఒక మూలనుంచి లాగారు. ఐదేళ్ళది, తేలిగ్గా రాలేదు. వచ్చాక చూస్తే చుట్టూ రంగంతా వెలిసిపోయి ఉంది. చదరం ఉన్నంతమేరా కొన్ననాటి ఎరుపు.

"అయ్యో, ఇప్పుడింకా బాగా కనిపిస్తోందండీ," అంది అమ్మ.

నాన్న నన్ను ఫొటో తీయమన్నారు. తీశాను. మర్నాడు కొనేవాడొచ్చి, ఆ ఎర్ర ముక్క ఏంటని అడిగాడు. "అక్కడ ఒక గుర్తుండేది. నిన్నే తీసేశాను," అన్నారు నాన్న. తాళం అతని చేతిలో పెట్టడానికి చాలాసేపు పట్టింది. చేతులకు ఇంకా ఆ గ్లవ్స్ ఉన్నాయి.